చీజు మీద ఎర్రకారం: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో ఓ మాట రాశాను. ఆదివారం సాయంత్రం నెల్లూరులో ఓ చిన్న రెస్టారెంటుకి పోయి చీజు కారిపోతున్న కారం దోసె పిజ్జా ఒకటి, రొయ్యల ఫ్రైడ్ రైసు ఒకటి, చివర్లో వేడి బ్రౌనీ మీద ఐస్‌క్రీం వేయించుకుని తిన్నాననీ, ఇంటికొచ్చాక రవ్వంత కూడా బాధపడలేదనీ. అంతే, ఈ శీర్షికకు ఎప్పుడూ రానన్ని ఉత్తరాలొచ్చాయి. సగం మంది తిట్టారు, సగం మంది హోటలు పేరడిగారు. పేరు చెప్పను. చెబితే వచ్చే ఆదివారం నాకే కుర్చీ దొరకదు.

అక్కా, బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి మమ్మల్ని మాగుంట లేఅవుట్‌లో ఓ రెస్టారెంటుకి తీసుకుపోయి చేపల పులుసు పాస్తా తెప్పించింది. మా ఆయన ఒక్క ముద్ద తిని ఫోర్కు కింద పెట్టేసి "మా అమ్మ చూస్తే ఏడ్చేది" అన్నాడు. కావలి వచ్చేదాకా కారులో ఎవరూ నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు బాగానే ఉంది. ఇట్టాంటివి తింటే మన వంటని అవమానించినట్టా?
– ఓ పాఠకురాలు, కావలి

అమ్మా, ముందు మీ ఆయన తరఫున ఒక మాట. మన జిల్లాలో చేపల పులుసు ఊరికే కూర కాదు కదా. పొద్దున కాచి పొయ్యి మీంచి దించి, మామిడికాయ ముక్కలు పులుసు పీల్చుకునేదాకా ఆగి, సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున చద్దన్నంలోకి ఇంకోసారి తినే వస్తువు. ఎవరింటి పులుసు వాళ్ళకి గొప్ప. ఆయన తిన్నది పాస్తా కాదు, వాళ్ళమ్మ జ్ఞాపకం. దాంతో వాదించి గెలిచినవాళ్ళు లేరు, వదిలేయండి.

ఇక అవమానం సంగతి. పులుసులో ఏమేం పడతాయో ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి చూద్దాం. మిరపకాయ అమెరికా ఖండాల పంట, పోర్చుగీసు ఓడల్లో సుమారు 500 ఏళ్ళ కిందట మన తీరాలకి దిగింది. అంతకుముందు మన వంటల్లో ఘాటంటే మిరియాలే. టమాటా కూడా అటునుంచి వచ్చిందే. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అంటారు వృక్షశాస్త్రం వాళ్ళు, కాకపోతే అది ఇక్కడ ఎంత పాతుకుపోయిందంటే అరబ్బు వర్తకులు దానికి 'హిందూ దేశపు ఖర్జూరం' అని పేరు పెట్టారు, ఇంగ్లీషు వాడి టామరిండ్ అందులోంచి పుట్టిందే. అన్నీ తీసేశాక చట్టిలో మిగిలేది చేప, ఎప్పుడు దించాలో తెలిసిన చెయ్యి. మీ అత్తగారిది ఆ చెయ్యే. అది పాస్తా వల్ల ఎక్కడికీ పోదు.

మంచూరియా లేకుండా ఈమధ్య మన జిల్లాలో ఏదైనా పెళ్ళి భోజనం చూశారా? కలకత్తాలో పుట్టిన చైనా కుటుంబం మనిషి నెల్సన్ వాంగ్, 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో వంట చేస్తూ, మన అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా వేయాల్సిన చోట సోయా సాసు పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబెట్టాడని చెబుతారు. అదీ కలిపిందే. దానికి ఏ అత్తగారూ ఏడవలేదు.

మీరు అడగని సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే అసలు విషయం అక్కడుంది. కలపడం తప్పు కాదు, ఎందుకు కలిపాడో వండినవాడికి తెలియకపోవడం తప్పు. పాస్తా చప్పటి పిండి. అన్నం, సంగటి, దోసె కూడా చప్పటివే, పులుసు పని వాటిలోకి దిగడమే. కాబట్టి పాస్తాకి పులుసు పడుతుంది. చెడేది క్రీము దగ్గర. చింతపండు పులుపులో క్రీము పోస్తే విరిగిపోతుంది. విరగకుండా ఉండాలని వంటాయన చింతపండు తగ్గిస్తాడు. అప్పుడది పులుసూ కాదు, క్రీము సాసూ కాదు, గులాబి రంగు నీళ్ళు. ఇంకోటి, ఫోర్కుతో తినే చోట ముల్లు తగలకూడదని ముల్లు తీసిన చేపముక్కలు వేస్తారు. తలకాయ, నడుం ముల్లు పులుసులో ఉడకకపోతే ఆ జిగురు రాదు. మీ ఆయనకు తేడా కొట్టింది అక్కడే అయ్యుంటుంది, ఆయనకి చెప్పడం రాక అమ్మని పిలిచాడు. ఈసారి పోయినప్పుడు "క్రీము పోస్తారా" అని అడిగి తెప్పించుకోండి. ఆయనకి ఇంకేదైనా చెప్పండి.

నేను తిన్న కారం దోసె పిజ్జా ఎందుకు కుదిరిందో కూడా చెబుతాను, పెనం ఎదురుగా నిలబడి చూశాను కాబట్టి. పిల్లాడు పెనం మీద నీళ్ళు చల్లి, ఉల్లిపాయ సగంతో రుద్ది, దోసె మామూలుకన్నా కాస్త మందంగా పోశాడు. నెయ్యి చుట్టూ కాదు, మధ్యలో. దాని మీద మన ఎర్రకారం, వెల్లుల్లి వాసన గుప్పుమనేది, గరిటె వెనకవైపుతో అంచుదాకా పూశాడు. ఆపైన పప్పుల పొడి, చివర్లో చీజు తురిమి మూత పెట్టాడు. తిరగెయ్యలేదు. అడుగు కరకరలాడుతోంది, పైన జారుతోంది, చీజు ఉప్పూ కొవ్వూ నాలిక మీద మందంగా పేరుకునే లోపే కారం వచ్చి కోసేస్తోంది. రెండో ముక్కకి ముక్కు కారింది. చీజు ఒక్కటే ఉండి ఉంటే మూడో ముక్కకి విసుగు పుట్టేది, ఆ కారమే నాతో ప్లేటు ఖాళీ చేయించింది. పొరుగూరి వంటని మన పెనం మీదకి తెచ్చినప్పుడు మనం చెయ్యగలిగిందల్లా ఇదే, కొవ్వుకి ఎదురు ఒక పులుపో కారమో నిలబెట్టడం.

అక్కా, మాది ఇందుకూరుపేట. రొయ్యల చెరువుంది. 30 కౌంటు వచ్చేదాకా నిద్రల్లేకుండా కాపలా కాస్తాం, తీరా అమ్మేటప్పుడు కొనేవాడు చెప్పిందే ధర. మొన్న పిల్లల్ని తీసుకుని నెల్లూరు పోతే 'చీజీ గార్లిక్ ప్రాన్స్' అని ఆరంటే ఆరు రొయ్యలు పెట్టి 420 రూపాయలు తీసుకున్నారు. ఆ ప్లేటు చూస్తే ఏడుపొచ్చింది. ఇది న్యాయమేనా?
– ఓ రైతు, ఇందుకూరుపేట

అన్నా, లెక్క మీకు నేను చెప్పేదేముంది గానీ మిగతా పాఠకుల కోసం. 30 కౌంటంటే కిలోకి 30 రొయ్యలు. ఆరంటే తలతో సహా 200 గ్రాములు. తల, పెంకు తీస్తే చేతికొచ్చేది ఇంచుమించు అందులో సగం. మీకు కిలో మీద ఎంత ముట్టిందో అందులో అయిదో వంతు ఆ ప్లేటులో ఉన్న రొయ్య ఖరీదు. మిగతాదంతా వెన్న, చీజు, గ్యాసు, అద్దె, ఏసీ, "ఇంకేమన్నా కావాలా సార్" అన్న పిల్లాడి జీతం. హోటలు వాళ్ళది అన్యాయమని అనలేను, వాళ్ళూ నెలాఖరుకి అద్దె కట్టాలి. మీ బాధ మాత్రం నిజం. మన జిల్లా రొయ్య అమెరికా పళ్ళెంలోకి పోవడానికే పెరిగింది ఇన్నాళ్ళూ. 2025 ఆగస్టులో అక్కడ సుంకం 50 శాతానికి చేరినప్పుడు గానీ మన రొయ్య మనమే తినాలన్న మాట గట్టిగా వినపడలేదు. కాబట్టి ఆ 420కి ఏడవకండి. ఇంకో నలుగురు చేత కూడా తినిపించండి.

ఇంకో సంగతి, పై ఉత్తరం రాసిన కావలి అమ్మకి కూడా ఇది పనికొస్తుంది. మీ చెరువులో ఉన్నది వెనామీ కదా. ఒకప్పటి టైగరు రొయ్యని తెల్లమచ్చ తెగులు తినేశాక, 2009లో మన దేశం దీన్ని తెచ్చుకుని పెంచడానికి అనుమతి ఇచ్చింది. దాని సొంతూరు ఎక్కడో తెలుసా, మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మిరపకాయ బంధువే అనుకోండి. నెల్లూరు రొయ్యల వేపుడు అని మనం గొప్పగా చెప్పుకునేదాంట్లో రొయ్యా అటునుంచి వచ్చిందే, కారమూ అటునుంచి వచ్చిందే. రెండూ కలిసింది మన మూకుట్లో.

మీ ఆరు రొయ్యలూ ఎట్టా ఉన్నాయో రాయలేదు. రొయ్య కొడవలిలా వంగి ఉంటే సరిగ్గా వేగినట్టు, సున్నాలా చుట్టుకుపోయి ఉంటే ఎక్కువ వేగినట్టు, రబ్బరులా సాగుతుంది. చీజు కింద దాచేస్తే కనపడదనుకుంటారు. ఫోర్కుతో చీజు పక్కకు తోసి చూడండి. చుట్టుకుపోయి ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. రొయ్య గురించి ఇందుకూరుపేట మనిషి చెబితే కాదనే వంటాయన ఈ జిల్లాలో ఉండడు.

అక్కా, నేను ఒంగోల్లో బీటెక్ చదువుతున్నాను. సాయంత్రం క్లాసులయ్యాక మా బ్యాచ్ అంతా షవర్మా తింటాం. మా అమ్మకి తెలిసి పెద్ద గొడవ. మయోనీజ్ విషమంట. నిజమేనా?
– ఓ విద్యార్థి, ఒంగోలు

విషం కాదు తమ్ముడూ, కానీ మీ అమ్మ ఉత్తినే కంగారు పడలేదు. మయోనీజ్ అంటే నూనె, నిమ్మరసమో వెనిగరో, పచ్చి గుడ్డు సొన కలిపి చిలికింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఉడికించరు కాబట్టి అది చావదు, మన ఎండల్లో నాలుగు గంటలు బయట పెడితే పిల్లలు పెడుతుంది. అందుకే తెలంగాణ 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్లో పచ్చి గుడ్డు మయోనీజ్‌ని ఏడాది పాటు నిషేధించాయి. గుడ్డు లేని రకం వాడే చోట ఆ భయం తక్కువ, అయినా అదీ ఫ్రిజ్‌లోనే ఉండాలి.

కాబట్టి మానొద్దు, చూసి తిను. సాసు డబ్బా ఫ్రిజ్‌లోంచి తీస్తున్నాడా, స్టవ్ పక్కన చెమట పట్టి కూర్చుందా? చికెన్ తిరిగే చువ్వ మీంచి నీ కళ్ళెదురుగా కోసి పెనం మీద మళ్ళీ వేడి చేస్తున్నాడా, ఎప్పుడో కోసి గుట్ట పోసిన దాంట్లోంచి తీస్తున్నాడా? జనం ఎక్కువున్న వేళకి పో, అప్పుడు సరుకు ఆగదు. రాత్రి పదకొండుకి ఆఖరి షవర్మా నువ్వు తినకు. గోడ మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉందో లేదో కూడా చూడు. ఉన్నంత మాత్రాన శుభ్రమని కాదు, లేకపోతే మాత్రం పక్క కొట్టుకి నడువు. అమ్మని కూడా ఓసారి తీసుకుపో. గొడవ సగం తగ్గుతుంది. మిగతా సగం నీ మార్కుల గురించి, దానికి నేనేం చెయ్యలేను.

మేడం, హోటల్లో చీజు దోసె తింటే తీగలు తీగలుగా సాగుతుంది. ఇంట్లో నేను చేస్తే ఒకసారి గట్టి ముద్దయింది, ఒకసారి నూనె కక్కింది. పనీర్ తురిమి వేస్తే అసలు కరగనే లేదు. ఏం తప్పు చేస్తున్నాను?
– ఓ పాఠకురాలు, కందుకూరు

పనీర్ కరగదమ్మా, రాత్రంతా పెనం మీద పెట్టినా. నిమ్మరసంతో పాలు విరగ్గొట్టినప్పుడు పాల ప్రోటీన్‌ని పట్టుకుని ఉన్న కాల్షియం చాలావరకు నీళ్ళలోకి పోతుంది, ప్రోటీన్ గట్టిగా బిగుసుకుంటుంది. మరి వేడికి జారేదేముంది? సాగేది మొజరెల్లా. దాంట్లో కాల్షియం సరిపడా మిగిలేట్టు చేస్తారు, అందుకే వేడికి ప్రోటీన్ పోగులు ఒకదాని మీద ఒకటి జారి తీగలవుతాయి. చిన్న చిన్న చతురస్రాల్లో అమ్మే ప్రాసెస్డ్ చీజు నున్నగా కరుగుతుంది గానీ తీగ రాదు. నూనె కక్కిందంటే మంట ఎక్కువైంది. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచి, సన్నగా తురిమి, దోసె అడుగు ఎర్రబడ్డాక మంట పూర్తిగా తగ్గించి చల్లి మూత పెట్టు. కరిగిందనిపించగానే దించెయ్. రెండు దోసెలు పోశాక ఫోటో తీద్దామని ఆగావంటే నీ చీజు మళ్ళీ ముద్దే.

అక్కా, నాకు 38. టీచర్ని. పెళ్ళి కాలేదు. జీతం వచ్చిన రోజు మంచి రెస్టారెంట్లో కూర్చుని నచ్చింది తినాలని ఉంటుంది, కానీ ఒక్కదాన్నే ఎట్టా పోవాలి? ఎవరైనా చూస్తే?
– ఓ పాఠకురాలు, కనిగిరి

చూస్తారు. నన్నూ చూశారు. చాలా ఏళ్ళ కిందట మొదటిసారి ఒక్కదాన్నే పోయి కూర్చుంటే సర్వరు పిల్లాడు నీళ్ళు పోసి "ఇంకెవరైనా వస్తారా మేడం" అన్నాడు. లేదన్నాను. మెనూ తెచ్చి మళ్ళీ అడిగాడు. ఆర్డరు రాసుకుంటూ మూడోసారి కూడా అడిగితే "అందరం వచ్చేశాం నాయనా" అన్నాను. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను, పక్క టేబుల్ ఆవిడ కూడా నవ్వింది. ఆ రోజు తిన్న వైట్ సాసు పాస్తా ఏమంత గొప్పగా లేదు, మిరియాలు కూడా సరిగ్గా పడలేదు. కానీ ఒక్క ముక్క కూడా ఎవరి పళ్ళెంలోకీ తీసి పెట్టకుండా తిన్న భోజనం అది, నా జన్మలో మొదటిసారి.

సాయంత్రం ఏడు లోపు పో, జనం పల్చగా ఉంటారు. గోడవారగా కూర్చో. ఫోను చూసుకుంటూ తినకు, వేడి వేడిగా వచ్చింది వచ్చినట్టు తిను. హాఫ్ ప్లేటు ఉందా అని అడుగు, చాలా చోట్ల మెనూలో రాయరు గానీ ఇస్తారు. ఏం తిన్నావో నాకు రాయి.

మేడం, మా ఇంట్లో అందరం మండీ తినడానికి పోదామనుకుంటే మా మామగారు "అంతా ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టడమేంది, ఎంగిలి" అని మొరాయించారు. ఆయన్ని ఎట్టా ఒప్పించాలి?
– ఓ కోడలు, పొదిలి

ముందు ఆయనకి కథ చెప్పమ్మా, పెద్దవాళ్ళు కథకి మెత్తబడతారు. మండీ యెమెన్ వంట. నేలలో గొయ్యిలాంటి పొయ్యిలో అడుగున బియ్యం, పైన మాంసం పెట్టి మూసేస్తే మాంసం కొవ్వు చుక్క చుక్కగా అన్నంలోకి దిగుతుంది. నిజాం సైన్యంలో పని చెయ్యడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడ్డారు, ఆ పేటకి పేరు సైనికుల బ్యారక్స్ నుంచే వచ్చింది. తెలుగు నేల మీద మండీ మొదట రుచి మరిగింది అక్కడే. మన దగ్గరికి వచ్చేసరికి ఫ్రై పీస్ మండీ అయింది, అంటే చికెన్ వేరేగా కారం పెట్టి వేయించి అన్నం మీద పెట్టడం. కొవ్వు అన్నంలోకి దిగే ముచ్చట పోయింది, మన కారం ముచ్చట వచ్చింది. నాకైతే అసలుదే ఇష్టం, ఆ అన్నం వాసనే వేరు. మీరు ఏది చెప్పినా ముందే అడిగి చెప్పండి.

ఎంగిలి అంటారా, ఎవరి వైపు వాళ్ళు తింటారు, మధ్యలోకి చెయ్యి పోదు. అయినా ఆయన ఎప్పుడైనా నెల్లూరు రొట్టెల పండక్కి వచ్చారేమో కనుక్కో. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతి రొట్టె తీసుకుని కళ్ళకద్దుకుని తింటాం కదా. ఆ చేతిని ఎవరూ ఎవరిదని అడగరు. ఇదీ వినకపోతే ఆయనకి విడిగా ఓ ప్లేటు అడుగు, ఏ హోటలూ కాదనదు. మధ్యలో ఆయనే మీ పళ్ళెంలోకి చెయ్యి చాపుతారు, అప్పుడు ఏమీ అనకు.

బిల్లులో తిన్నదానికి, జీఎస్టీకి పైన సర్వీస్ చార్జి అని ఇంకో పది శాతం వేశారు. కట్టాలా?
– ఓ పాఠకుడు, సింగరాయకొండ

కట్టక్కర్లేదు. మిమ్మల్ని అడగకుండా దాన్ని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ ఆ మాటనే నిలబెట్టింది. మర్యాదగా తీసెయ్యమనండి, తియ్యకపోతే 1915కి ఫోను చెయ్యండి. జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే, మామూలు రెస్టారెంటుకి 5 శాతం. వడ్డించిన పిల్లాడు బాగా చూసుకుంటే ఆ డబ్బు వాడి చేతిలోనే పెట్టండి.

అక్కా, మా ఊరి కెఫేలో వేడి మలై కాజా మీద వెనిలా ఐస్‌క్రీం, దాని మీద చాక్లెట్ సాసు పోసి ఇస్తున్నారు. ఇన్నింటిని సమర్థించారు కదా, దీన్నీ సమర్థిస్తారా?
– ఓ పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

లేదు. ఇది మాత్రం ఒప్పుకోను. తీపి మీద తీపి, దాని మీద ఇంకో తీపి, కోసేది ఒక్కటీ లేదు. కాజా లోపలే మలై ఉండగా పైన పాలగడ్డ ఎందుకయ్యా? పైగా చల్లటిది పడగానే పాకం బిరుసెక్కుతుంది, మెత్తదనం పోతుంది. చాక్లెట్ సంగతి అసలు ఎత్తొద్దు. కాజాని కాజాలా ఇమ్మనండి, ఐస్‌క్రీం గ్లాసులో వేరేగా ఇమ్మనండి, పక్కన కాస్త కారప్పూస పెట్టమనండి. ఆ మూడూ పెడితే నాకు కబురు చెయ్యండి, బుచ్చి ఎంత దూరం, బస్సెక్కి వస్తా.